పేరు కుదరని రాయి

నమోదు 1

కొత్త రాయి కనిపెట్టిన కావలివాళ్లు, దానికి పేరు ఖాయమయ్యేదాకా విడిగా ఒక దినచర్య రాయాలని సెరెస్ గ్రహం మీది ఆఫీసు నుంచి ఉత్తర్వు. మామూలు దినచర్య ఎలాగూ రాస్తున్నాం. దాన్ని ఎవరూ చదవరు. ఇప్పుడు ఎవరూ చదవనిది ఇంకొకటి. సరే, రాస్తున్నాను.

నా పేరు అసిరమ్మ. ఏడో కావలిలో పెద్దదాన్ని. పెద్దదాన్నంటే, ఉన్న ఇద్దరిలో. రెండోవాడు దైవసహాయం. యంత్రాలు చూస్తాడు, వంట చేస్తాడు, చేస్తున్నంతసేపూ మాట్లాడతాడు. మంచు ఓడలు తిరిగే దారి పక్కన ఒక పెద్ద రాతి మీద కూర్చుని, దారికి అడ్డొచ్చే గ్రహశకలాలను పట్టుకోవడం మా పని. ఆకాశాన్ని ఫొటోలు తీసేది యంత్రమే. కదిలిన చుక్క చుట్టూ గీత గీసేదీ అదే. కానీ ఒకప్పుడు యంత్రం మాట ఒక్కటే నమ్మి రెండు ఓడలు పోగొట్టుకున్నారు. అందుకని మనిషి కంటితో చూసి బొటనవేలు వేస్తేనే అది రాయి. లేకపోతే ఉత్త చుక్క.

ఇవాళ పొద్దున నాచు తొట్టి గోడలు గీకుతుంటే యంత్రం పిలిచింది. దాని పిలుపులకు సాధారణంగా నేను తొందరపడను. చాలాసార్లు అది కెమెరా మీద పడ్డ దుమ్ము. వెళ్లి, ఫొటోలు ఒకదాని మీద ఒకటి వేసి చూశాను. చుక్క జరిగింది. మళ్లీ చూశాను. జరిగింది. దాని దారి వెతికితే ఎవరి పట్టికలోనూ లేదు. బొటనవేలు వేశాను. తెర మీద నాచు మరక పడింది.

ఇన్నేళ్లలో ఇది నా మొదటి రాయి. దైవసహాయం తిరగమోత వేస్తున్నవాడు గరిటె పట్టుకునే వచ్చాడు.

"అక్కా, పేరు నువ్వే పెట్టాలి కదా. ఏం పెడతావు?"

"వంశధార."

ఆలోచించి చెప్పింది కాదు. మా అమ్మమ్మ పుట్టిన ఊరు ఆ ఏటి ఒడ్డున. నేను సెరెస్‌లో పుట్టాను, ఏరన్నది ఎలా ఉంటుందో చూడలేదు. మా వీధిలో ముసలాళ్లు మాత్రం ఏం మాట్లాడినా చివరికి ఆ ఏటి దగ్గరికే వచ్చేవాళ్లు.

"బాగుందక్కా. రేపటికల్లా అయిపోతుంది," అన్నాడు దైవసహాయం.

నమోదు 2

అవలేదు.

తొమ్మిదో కావలివాళ్లు కూడా అదే రోజు అదే చుక్కను చూశారట. వాళ్ల బొటనవేలు నా కంటే కాస్త ముందే పడింది. ఒకే రోజు పడితే రాయి ఇద్దరిదీ. ఇద్దరూ ఒప్పుకున్న పేరే పేరు.

"నంబరు ఉంది కదక్కా, పేరు లేకపోతే ఏం పోయింది," అన్నాడు దైవసహాయం. వాడు చిన్నవాడు, వాడికి తెలీదు. పూర్వం అన్నీ నంబర్లే. ఒక పైలట్ తొంభై ఏడుని డెబ్భై ఏడుగా విని ఓడను నేరుగా రాయి మీదికి పోనిచ్చాడు. ఆ ఓడలో మా మేనమామ ఉన్నాడు. అప్పటినుంచి కొత్త రాయి కనిపిస్తే దానికి పేరు పడేదాకా ఆ దారి మూసేస్తారు. ఓడలు చుట్టుదారిన పోవాలి. సెరెస్ తాగే నీళ్లు ఆ ఓడల్లోనే వెళ్తాయి.

తొమ్మిదో కావలిలో ఉన్నది ఓబులేసు గారు, ఖాజా మొహిద్దీన్ గారు. ఈ దారిలో అందరికంటే పాత జంట. నేను ఉద్యోగంలో చేరకముందే వాళ్లక్కడ ఉన్నారు. రాయిని చూసి బొటనవేలు వేసింది ఖాజా గారు. ఆయన కన్ను గురించి సెరెస్‌లో శిక్షణ ఇచ్చేటప్పుడే చెప్పేవాళ్లు. జవాబిచ్చింది మాత్రం ఓబులేసు గారు. మాకూ వాళ్లకీ మధ్య మాట వెళ్లి మాట రావడానికి అన్నం వండి దించేంత సేపు పడుతుంది. నేను మర్యాదగా, ఇద్దరికీ నమస్కారాలు చెప్పి, వంశధార అని పెడదామనుకుంటున్నామండీ అని పంపాను.

అన్నం అయింది. జవాబు వచ్చింది.

"ఏటి పేరు రాయికి పెడతారా పాపా? రాయి పారతాదా? బాగలేదు. ఇంకోటి చూడు. అవునూ, మీ ఆడ ఏం కూర ఈపొద్దు?"

నమోదు 6

ముత్యం అని పంపాను. చిన్న పేరు, ఏ భాషవాడికైనా నోరు తిరుగుతుంది.

"ఆ రాయి బొగ్గు మాదిరి ఉంది గదమ్మా. దానికి ముత్యమా? నవ్వుతారు."

దైవసహాయం, అది రెండు పక్కలా నొక్కినట్టు ఉందని, తాటిముంజ అని పెడదామన్నాడు. నాకు నచ్చలేదు కానీ అలసిపోయి పంపాను.

"తినే వస్తువు పేరు వద్దు పాపా. పేరు విన్నప్పుడంతా నోరూరతాది, ఈడ దొరకదు. ఉత్తపుణ్యానికి బాధ."

మరి మీరే ఒక పేరు చెప్పండి అన్నాను.

"ఆలోచిస్తాండాము."

ఖాజా గారిని అడగండి అన్నాను. రాయి ఆయన చూసిందే కదా.

"ఖాజా పండుకోనుండాడు."

ఆ మాటతోపాటు వాళ్ల దగ్గర పాలకూర ముదిరిపోతోందని, మాదెలా ఉందని, దైవసహాయానికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారా అని పొడుగాటి కబురు. కావలికీ కావలికీ మధ్య పనిమాటలు తప్ప మాట్లాడకూడదని రూలు. పేరు సంగతి పనే కాబట్టి పంపొచ్చు. ఆయన పేరు తప్ప అన్నీ మాట్లాడతాడు.

నమోదు 9

మా గాలి డబ్బా మార్చాం. మనం వదిలిన ఊపిరిని కడిగి మళ్లీ లోపలికి పంపేది అదే. చిరాకు పని. ఒకరు బయట గోడ పట్టుకుని వేలాడుతూ పాతది లాగాలి, ఒకరు లోపల మూత బిగపట్టుకుని ఉండాలి. మూత జారితే ఉన్న గాలంతా బయటికే. దైవసహాయం బయట వేలాడుతూ కూడా మాట్లాడుతూనే ఉన్నాడు.

సెరెస్ పేర్ల విభాగం నుంచి విశ్వంభర్ గారు పిలిచారు. సెరెస్ ఇప్పుడు మా దగ్గర్లోనే తిరుగుతోంది, తొమ్మిదో కావలితోలా జవాబుకి ఆగక్కర్లేదు. చాలా మర్యాదస్తుడు. ప్రతి వాక్యం చివరా "దయచేసి అర్థం చేసుకోండి" అంటాడు. దారి మూసి ఉండటంవల్ల నీళ్లు ఆలస్యమవుతున్నాయట. దయచేసి అర్థం చేసుకోవాలట. రెండు కావళ్లకూ పేరు తోచకపోతే తామే ఒకటి సూచిస్తారట. "ప్రగతి."

ఓబులేసు గారు, నేను మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాం. ఆయన జవాబులో ఒకటే మాట ఉంది. "ఛీ."

నమోదు 13

వరసగా కొండమల్లె, గోరింట, కావలి, పిడికిలి పంపాను. ఆయన వరసగా అడవిలో మొలిచేదా, ఆడపిల్లల చేతులకు పెట్టేదా, కావలి మనం గానీ అదా, ఎవరిని గుద్దడానికి అన్నాడు.

సెరెస్ నుంచి మా అక్క కబురు. ఆమెకు కోపమొస్తే గుక్క తిప్పుకోదు.

"అసిరీ, నీ రాయి మూలంగా వీధంతా స్నానాలు మానీసింది. బిందెకి సగమే ఇస్తున్నారు. పక్కింటావిడ నా మొహం చూడటం మానీసింది. ఒక పేరు పెట్టడానికి ఎన్నాళ్లే? నీ కూతురికి ఒక్క పూటలో పెట్టీసేవు."

నా కూతురికి పేరు పెట్టినప్పుడు ఓబులేసు గారు లేరు, అందుకని తొందరగా అయింది. అక్కకు అలాగే చెప్పాను.

ఖాజా గారితో నేరుగా ఒక్క మాట మాట్లాడనివ్వండి అని మళ్లీ అడిగాను. గొంతు పట్టేసిందట. మొన్న అడిగితే స్నానం చేస్తున్నాడట. అంతకుముందు టెలిస్కోపు దగ్గర ఉన్నాడట, లేపితే కోప్పడతాడట. టెలిస్కోపు దగ్గర ఉన్నవాణ్ణి లేపడమేమిటి?

నమోదు 17

ఇవాళ నేను మర్యాద తప్పాను. ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడా రాయను.

"ఓబులేసు గారూ, మీకు ఏ పేరూ నచ్చదు. మీరొక పేరు చెప్పరు. అక్కడ మా వాళ్లు గొంతు తడుపుకోడానికి కూడా నీళ్లు కొలుచుకుంటున్నారు. మీకిది కాలక్షేపంలా ఉంది. పని చేసుకునేవాళ్లకి కాలక్షేపం ఉండదండీ," అని పంపేశాను.

దైవసహాయం పిండి కలుపుతూ విన్నాడు. "కొంచెం ఎక్కువైందక్కా," అన్నాడు.

"తక్కువైంది," అన్నాను.

అన్నం అయింది. కూర కూడా అయింది. జవాబు రాలేదు.

నమోదు 18

పొద్దున జవాబు వచ్చింది. చాలా చిన్నది.

"నీ ఇష్టం పాపా. నువ్వు మొదట చెప్పిందే పెట్టుకో. నాకు సమ్మతమే."

వెనకాలే విశ్వంభర్ గారు. గొంతులో ఆనందం. తొమ్మిదో కావలి ఒప్పుకోలు తమకూ చేరిందట. ఇక నా బొటనవేలు ఒక్కటే మిగిలిందట. దారి ఈ పూటే తెరిచేస్తారట. అభినందనలట.

తెర మీద వంశధార అని అక్షరాలు. కింద వేలు వేయడానికి చోటు. ఇన్నాళ్లూ కోరుకున్నది అదే. వేలు తెర దాకా తీసుకెళ్లి ఆగాను.

తాటిముంజ మీద అంత ఉపన్యాసం ఇచ్చిన మనిషి. పిడికిలి అంటే ఎవరిని గుద్దడానికి అన్న మనిషి. కూర ఏమిటని అడగలేదు. ఇన్నాళ్లూ ఏం మాట్లాడినా మేము, మాకు అనేవాడు. ఇవాళ నాకు అన్నాడు.

మాట మళ్లీ వేసి దైవసహాయాన్ని పిలిచాను. వాడు విని, పాత మాటలు రెండు వెతికి వేసుకుని విన్నాడు.

"పాతవాటిలో వెనకాల ఫ్యాను చప్పుడుందక్కా. గాలి డబ్బాది. ఇందులో లేదు."

"ఆపుకున్నారేమో."

"అది ఆపరక్కా. ఆయన ఊపిరి చూడు. రెండు మాటలకోసారి ఆగుతున్నాడు."

నేను తొమ్మిదో కావలికి పంపాను. "ఓబులేసు గారూ, ఖాజా గారి గొంతు వినేదాకా నేను వేలు వేయను. పట్టేసిన గొంతైనా ఫర్వాలేదు, దగ్గమనండి చాలు."

అదే రోజు, తర్వాత

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఖాజా లేడమ్మా. ఈ రాయి చూసిన రాత్రే పోయినాడు. పొద్దున టీ పెట్టి లేపితే లేయలేదు. నిద్రలోనే. ఏం బాధపడలేదు అనుకుంటా. కావలి ఎనకాల రాళ్ల కింద పెట్టినా. నాకు వచ్చినంతవరకు నాలుగు మాటలు చదివినా, వాండ్ల మాటలు నాకు సగమే వచ్చు. ఇద్దరుండల్ల కావలిలో. ఒక్కడే ఉండాడని తెలిస్తే మూసేస్తారు. నన్ను సెరెస్‌కు తీసకపోయి ముసలోళ్ల ఇంట్లో కూచోబెడతారు. వాణ్ణి ఈడ ఒక్కన్నే ఇడిసిపెట్టి నేను యాడికి పోవల్ల? గాలి డబ్బా మార్చేది ఒక్కనితో అయ్యే పని కాదు. పాతదాన్నే దులిపి పెట్టుకుంటాంటి. నిన్నట్నుంచి అదీ తిరగడంల్యా. తల పగిలిపోతాంది. ఎవరికీ చెప్పొద్దు పాపా. నీకు దండం పెడతా. పేరు పెట్టుకో, నీ పని కానీ."

కాలక్షేపం అన్నాను ఆ మనిషిని.

"చెప్పొద్దన్నాడక్కా," అన్నాడు దైవసహాయం.

"విన్నాను."

"చెప్తే ఆయన నిన్ను జన్మలో క్షమించడు."

"బతికుంటే కదా క్షమించకపోవడానికి," అని సెరెస్‌కి కలిపాను.

నమోదు 19

విశ్వంభర్ గారితో మాట్లాడటం తడిగుడ్డ పిండటంలా ఉంటుంది. ఎంత పిండినా ఇంకా కారుతూనే ఉంటుంది.

"తొమ్మిదో కావలి నుంచి ఇవాళ కూడా ఇద్దరూ క్షేమమనే కబురుందండీ," అన్నాడు.

"ఆ కబురు అబద్ధమండీ."

"మరి అది వేరే విచారణ అవుతుంది. ఓడ మళ్లించడం మా విభాగం చేతిలో లేదు. రవాణావాళ్లు సమావేశమవ్వాలి. దయచేసి అర్థం..."

"అర్థమైంది. ఇప్పుడు మీరు అర్థం చేసుకోండి. పేరు లేదు కాబట్టి దారి మూసేశారు. మూసేశారు కాబట్టి మంచు ఓడ చుట్టుదారిన వెళ్తోంది. ఆ చుట్టుదారి తొమ్మిదో కావలి పక్కనుంచే. ఇవాళ తిప్పితే రేపటికి అక్కడుంటుంది. మీకు నా వేలు కావాలి. ఆ మనిషి ఓడ ఎక్కేదాకా నేను వేలు వెయ్యను."

ఆయన ఒకటే మాట అన్నాడు. "నీళ్లు లేక జనం ఇబ్బంది పడుతున్నారండీ."

"ఆ జనంలో మా అక్క ఉంది. మా అక్క మనవలున్నారు. నన్ను తిట్టుకోనివ్వండి."

కలిపిన లైను అలాగే ఉంచి కూర్చున్నాను. దైవసహాయం పక్కనే నిలబడి, నా కాఫీ కూడా తనే తాగేశాడు. చివరికి సెరెస్ నుంచి వేరే గొంతు, రవాణా విభాగంలో ఎవరో ఆవిడ, ఓడ తిరిగింది అని మాత్రం చెప్పి పెట్టేసింది. విశ్వంభర్ గారే ఆవిడ దగ్గరికి నడిచి వెళ్లి సమావేశం మధ్యలో నిలబడ్డాడని తర్వాత తెలిసింది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నమోదు 20

రేపటిదాకా ఆయన్ని నిలబెట్టాలి.

ఏం చేయాలో దైవసహాయం ఆయనకు ఒక్కో అడుగూ చెప్పాడు. మిగతా గదుల తలుపులు బిగించి మొక్కల గదిలో కూర్చోవాలి. బయటికి వెళ్లే సూటులో వేరే గాలి ఉంటుంది, అది తొడుక్కోవాలి. అది అయిపోతే రెండో సూటు.

"నా సూటు తొడుక్కున్యా. రెండోది వద్దు," అని వచ్చింది జవాబు. "అది వాంది."

"ఖాజా గారు ఇప్పుడుంటే ఏమనేవారు?" అని పంపాను.

ఆలస్యమైంది. మా అన్నం మాడింది.

"తొడుక్కో ముసలోడా, అనేటోడు."

"మరి?"

"తొడుక్కుంటాలే. అది నాకు పొట్టి అయితాది."

తర్వాత ఆయన మాటలు నెమ్మదించాయి. నిద్ర వస్తోందన్నాడు. నిద్రపోనివ్వకూడదని దైవసహాయం సైగ చేశాడు. జవాబు రావడానికి ఇంత సేపు పట్టే చోట మనిషిని మేలుకొలిపి ఉంచడం ఎలా? నాకు తోచింది ఒక్కటే. పేర్లు పంపడం మొదలెట్టాను. ఒకదాని జవాబు వచ్చేదాకా ఆగకుండా, నాకు తట్టిన ప్రతి చెత్త పేరూ.

"ఓబులేసు గారూ, బంగారుబాతు అని పెడుతున్నాను."

"ఓబులేసు గారూ, బాతు వద్దంటే మిరపబజ్జీ."

"సెరెస్‌వాళ్ల ప్రగతే బాగుందనిపిస్తోంది. దాన్నే ఖాయం చేసేస్తాను."

మొదటిదానికి ఏమీ రాలేదు. రెండోదానికీ రాలేదు. మాడిన గిన్నె తోముతూ దైవసహాయం నా వైపు చూడటం మానేశాడు. ఆ తర్వాత తెర మీద దీపం వెలిగింది. గొంతు ఎక్కడో అడుగునుంచి వస్తున్నట్టుంది.

"ప్రగతి అంటే... నేను ఒప్పను. నువ్వు వేలు వేస్తే... నేను తీసేస్తా."

ఇన్నాళ్లూ ఆ మనిషి కాదన్నప్పుడల్లా పళ్లు కొరుక్కున్నదాన్ని. ఇవాళ ఆయన కాదంటే కళ్లు తుడుచుకున్నాను. దైవసహాయం, నేను వంతులు వేసుకుని పేర్లు పంపాం. వాడు సైకిలు భాగాల పేర్లన్నీ పంపాడు. వాడికి వచ్చిన కీర్తనల్లోంచి కూడా కొన్ని పంపాడు. ఒక్కోదానికి ఒక్క "వద్దు" వచ్చేది. కొన్నిటికి ఉత్త ఊపిరి. మేం దాన్ని కూడా వద్దనే రాసుకున్నాం.

మంచు ఓడ పైలట్ గొంతు వచ్చేసరికి మా దగ్గర పేర్లు అయిపోయాయి.

"ఏడో కావలి, మీ పెద్దాయన ఎక్కాడు. సూటు విప్పనంటున్నాడు. పొట్టి సూటు, మోకాళ్లు వంగడం లేదు. బానే ఉన్నాడు. కోపంగా ఉన్నాడు."

నమోదు 24

ఓడ తిరిగి వచ్చే దారిలో మేమే మొదట తగులుతాం కాబట్టి ఆయన్ని మా దగ్గర దించారు. మనుషుల ఓడ వచ్చేదాకా ఇక్కడే.

నేననుకున్నదానికంటే చిన్న మనిషి. గెడ్డం తెల్లగా ఉంది. గడప దగ్గర నేను నమస్కారం పెట్టాను. నన్ను చూడకుండా దైవసహాయాన్ని, "నీళ్లు యాడుండాయి?" అని అడిగి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. కూర తిని, దైవసహాయం వైపు తిరిగి, ఉప్పు లేదన్నాడు. నాచు తొట్టి చూసి, గీకడం రాదన్నాడు, అదీ వాడితోనే. టెలిస్కోపు గదిలో నేను కూర్చునే కుర్చీలో కూర్చుని లేవలేదు. నేను నిలబడి పని చేసుకున్నాను.

నమోదు 26

ఇవాళ పని మధ్యలో ఉన్నట్టుండి అన్నాడు.

"చెప్పొద్దంటే చెప్పినావు."

"చెప్పాను."

"వాడు ఆడ ఒక్కడే ఉండాడు ఇప్పుడు."

తప్పయిపోయిందనడం అబద్ధం. మంచిపని చేశాననడం ఆయన ముఖం చూస్తూ వీలుకాలేదు.

"కావలి మూసినారంటనా?"

"మూశారు. రాళ్లు కదపొద్దని, ఆ చోటు అలాగే ఉంచమని అడిగాను. సరేనన్నారు. విశ్వంభర్ గారే రాసిచ్చారు."

ఆయన తెర వైపు తిరిగాడు. తెర మీద మా రాయి, పేరు లేకుండా, ఉత్త నంబరుతో.

"వాడు చూసిన రాయి పాపా ఇది. వాడు చూసిన ఆఖరి రాయి. నువ్వు నీ ఏరు పేరు పెడితే, వాడు చూసినట్టే ఉండదు. వాడి పేరే పెడదామంటే, చచ్చిపోయినోళ్ల పేరే పెట్టల్ల, అది రూలు. చచ్చిపోయినాడని చెప్పల్ల. నేను యాడ చెప్పేది?"

"ఇప్పుడు చెప్పొచ్చు కదండీ. ఖాజా అని పెడదాం. నేను ఇప్పుడే వేలు వేస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నా ఓపిక అంచుదాకా వచ్చింది, కానీ పట్టుకున్నాను.

"వాడు ఒప్పడు. పేరు పెట్టించుకునే మనిషి కాదు. ముప్పై ఏండ్లలో ఎన్ని రాళ్లు చూసినాడు, ఒక్కదానికి కూడా నేను చూసినా అని చెప్పుకోల్యా."

"మరి చూసినప్పుడు ఏమనేవారు?" ఊరికే అడిగాను. ఆయన్ని మాట్లాడించాలని.

"ఏమంటాడు. నన్ను పిలుస్తాడు. వస్తానుండు అంటా నేను. మళ్లీ పిలుస్తాడు. పోతే, తెర మీద వేలు పెట్టి, అదిగో, అంటాడు. అంతే. ఎన్నిసార్లు చూసినా పసిపిల్లోడు చందమామను చూసినట్ల, అదిగో."

ఆ మాట అన్నాక ఆయన తెర మీద వేలు అలాగే ఉంచాడు. వంటగదిలో దైవసహాయం గరిటె చప్పుడు ఆగింది.

"ఓబులేసు గారూ," అన్నాను. "అదిగో అని పెడదామా?"

ఆయన నన్ను చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. వద్దంటాడని ఎదురుచూశాను. అలవాటైపోయింది.

"పాపకు బుద్ధి వచ్చింది," అన్నాడు, వంటగదిలో ఉన్న దైవసహాయంతో.

నమోదు 29

విశ్వంభర్ గారికి అభ్యంతరాలున్నాయి. అదిగో అనేది నామవాచకం కాదట. పేరంటే దేనికో ఒకదానికి పేరై ఉండాలట. పేర్లు ఖాయం చేసే సంఘంలో తెలుగు రానివాళ్లకు అర్థమేమిటని రాయాలట.

"ఎవరో ఒకరు మొదట చూసి పక్కవాడికి చూపించారు అని రాయండి," అన్నాను. "ఏ రాయికైనా జరిగేది అదే."

ఓబులేసు గారు నా భుజం మీదుగా వంగి, "ప్రగతి మాత్రం నామవాచకమేనా?" అని ఒక మాట వేశాడు. విశ్వంభర్ గారు సరేనన్నాడు. కనుగొన్నవాళ్లు ఖాజా మొహిద్దీన్, అసిరమ్మ అని రాశారు. నేను బొటనవేలు వేశాను. ఖాజా గారి పక్షాన ఓబులేసు గారు వేశాడు.

మా అక్క కబురు: దారి తెరుస్తారని తేలగానే నీళ్లు బిందె నిండా ఇస్తున్నారు. పేరు మాత్రం ఇదేం పేరని వీధిలో నవ్వుతున్నారు.

నమోదు 31, ఆఖరిది

దారి తెరిచారు. మొదటి మంచు ఓడ ఇవాళ మా ముందునుంచి వెళ్లింది. ఓబులేసు గారిని మాతోపాటు ఉంచాలని నేను పెట్టుకున్న అర్జీకి సెరెస్ ఇంకా జవాబివ్వలేదు. ఇవ్వలేదు కాబట్టి ఆయన ఇక్కడే ఉన్నాడు. నా కుర్చీలోనే ఉన్నాడు. మైకు కూడా ఆయన చేతిలోనే ఉంది.

"ఏడో కావలి, ముందు దారిలో ఏముంది?" అంది పైలట్.

"అదిగో," అన్నాడు ఓబులేసు గారు.

"ఏది?"

"అదిగో."

"కనబడటం లేదు, ఏది?"

"అదే చెప్తాండా గదమ్మా. అదిగో."

"పెద్దాయనా, నేను అడిగేది దాని పేరు."

"నేను చెప్పేది కూడా దాని పేరే," అన్నాడాయన, భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మైకు లాక్కుని పైలట్‌కి అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. ఆవిడ నన్ను కూడా ముందు నమ్మలేదు.

మైకు తిరిగి ఇమ్మని ఆయన చెయ్యి చాపాడు. వెనకాల ఇంకా బోలెడు ఓడలున్నాయి. ఇచ్చాను.